ఆన్‌లైన్ ఆల్బమ్‌లోని ప్రైవేటు ఫోటోలు పరాయివారికి కనబడకుండా చేయడం ఎలా?

మీరు తిరుపతిలోనో చిత్తూరులోనో ఫోటో స్టూడియో నడుపుతూ, పెళ్లి ఫోటోలను మీ వెబ్‌సైట్‌లో పెట్టి ఆల్బమ్‌కు కావలసినవి ఎంచుకోమని కుటుంబాలకు లింకు పంపుతున్నట్లయితే, లేదా అటువంటి స్టూడియోకు వెబ్‌సైట్ తయారుచేసి ఇస్తున్నట్లయితే, ఈ వ్యాసం మీ కోసం. తిరుచానూరులోనో శ్రీనివాసమంగాపురంలోనో పెళ్లి జరిగినా, పెళ్లికూతురి తల్లిదండ్రులు మదనపల్లెలో, వరుడి అన్నావదినలు బెంగళూరులో, మేనమామ చెన్నైలో ఉండవచ్చు. అందరూ స్టూడియోకు వచ్చి కూర్చుని సెలెక్షన్ చేయడం కుదరదు కాబట్టి ఆన్‌లైన్ పద్ధతి అందరికీ సౌకర్యమే. కాని ఆ ఫోటోల్లో తలంబ్రాలు, అప్పగింతలు మాత్రమే ఉండవు. నలుగు, మంగళస్నానం, పెళ్లికూతురిని ముస్తాబు చేస్తున్న గది, ఓణీల వేడుకలో పదమూడేళ్ల పిల్ల, ఇవన్నీ ఆ ఇంటివారు మీ మీద నమ్మకంతో తీయనిచ్చినవి. వాటిని ఆ ఇంటివారు తప్ప ఇతరులు చూడకుండా చేయవలసిన బాధ్యత కూడా ఆ నమ్మకంతోపాటే మీకు వచ్చింది.

ఇందులో అన్నిటికంటే ముందు అర్థం చేసుకోవలసిన సంగతి ఒకటుంది. పేజీకి పాస్‌వర్డ్ పెట్టినంత మాత్రాన ఫోటోకు పాస్‌వర్డ్ పడదు. బ్రౌజర్ ముందుగా పేజీని తెచ్చుకుని, తర్వాత అందులో ఉన్న ఒక్కొక్క ఫోటోను విడివిడిగా సర్వర్‌ను అడిగి తెచ్చుకుంటుంది. పేజీని ఇచ్చేటప్పుడు మీ ప్రోగ్రాం పాస్‌వర్డ్ అడుగుతుంది గాని, బహిరంగ ఫోల్డర్‌లో ఉన్న ఫోటోను వెబ్ సర్వర్ ఆ ప్రోగ్రాంతో పని లేకుండా నేరుగా, ఎవరడిగినా ఇచ్చేస్తుంది. వీధి తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తీసి ఉంచినట్లన్నమాట. వెబ్‌సైట్లు నడపడానికి వాడే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌లో పోస్టుకు పాస్‌వర్డ్ పెట్టినా ఇదే పరిస్థితి: పేజీలోని రాతలు దాగుతాయి, అప్‌లోడ్స్ ఫోల్డర్‌లోని ఫోటోలు మాత్రం చిరునామా తెలిసినవారందరికీ తెరుచుకుంటాయి.

ముందుగా ఉన్న పరిస్థితిని పరీక్షించండి

మీ వెబ్‌సైట్‌లోకి లాగిన్ అయి, ఏదైనా ఒక ప్రైవేటు ఆల్బమ్ తెరిచి, అందులోని ఒక ఫోటో మీద రైట్ క్లిక్ చేసి దానిని కొత్త ట్యాబ్‌లో తెరవండి. పైన కనిపించే చిరునామాను కాపీ చేసుకుని, వై-ఫై ఆపేసి మొబైల్ డేటా మీద నడుస్తున్న మరో ఫోన్‌లో, ఇన్‌కాగ్నిటో విండోలో, లాగిన్ కాకుండా అదే చిరునామాను తెరిచి చూడండి. ఫోటో కనబడితే, ఆ ఆల్బమ్‌కు ఇప్పటివరకు రక్షణ ఏదీ లేదని అర్థం. ఆ తర్వాత చిరునామాలో చివరనున్న ఫైల్ పేరును తీసేసి, ఫోల్డర్ వరకు మాత్రమే ఉంచి మళ్లీ తెరవండి. ఫైళ్ల జాబితా మొత్తం కనబడిందంటే పరిస్థితి మరింత తీవ్రమైనది, ఎందుకంటే ఒక్క ఫోటో చిరునామా చేతికి దొరికినవారు ఆ పెళ్లి ఫోటోలన్నిటినీ దించుకోగలరు. ఈ జాబితాను వెంటనే ఆపండి. మీ వెబ్‌సైట్‌ను అందించే సర్వర్ సాఫ్ట్‌వేర్ అపాచీ అయితే, ఫోల్డర్‌కు నియమాలు రాసే హెచ్‌టీయాక్సెస్ అనే ఫైల్‌లో ఇండెక్సెస్ అనే ఆప్షన్‌కు ముందు మైనస్ గుర్తు పెట్టిన ఒక్క వరుస చాలు. హోస్టింగ్‌ను నిర్వహించుకునే సీప్యానెల్ ఉంటే ఇండెక్సెస్ అనే మెనూలోనే ఇది దొరుకుతుంది.

కెమెరా ఇచ్చే ఫైల్ పేర్లు వరుస అంకెలతో ఉంటాయన్న విషయాన్ని కూడా ఇక్కడే గమనించండి. 4521 అనే అంకెతో ఒక ఫోటో ఉంటే 4522తో మరొకటి ఉంటుందని ఊహించడానికి పెద్ద తెలివితేటలు అక్కరలేదు.

ఎవరు ఏది చూడవచ్చో కాగితం మీద రాసుకోండి

ప్రోగ్రాం జోలికి వెళ్లకముందే ఈ పని చేయాలి. వధువు కుటుంబం, వరుడి కుటుంబం, బంధువులు, ఆల్బమ్ డిజైన్ చేసే వ్యక్తి, మీ స్టూడియో సిబ్బంది అని పేర్లు రాసుకుని, ఒక్కొక్కరికి ఏ విభాగం అవసరమో ఎదురుగా రాయండి. ముహూర్తం, రిసెప్షన్ ఫోటోలు ఇరు కుటుంబాలూ చూడవచ్చు. మంగళస్నానం, అలంకరణ ఫోటోలు వధువు ఇంటివారికే పరిమితం కావాలి. అవి వరుడి తరఫు వారికి కనబడాలా వద్దా అన్నది మీరు నిర్ణయించేది కాదు, ఆ అమ్మాయిని అడిగి తెలుసుకోవలసిన విషయం. ఓణీల వేడుక, బారసాల వంటి పిల్లల ఫోటోలను మరింత ప్రత్యేకంగా చూడాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగా పరిగణిస్తుంది, వారి సమాచారాన్ని వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. తగిన భద్రతా ఏర్పాట్లు చేయని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే వీలు కూడా ఆ చట్టంలో ఉంది. చిన్న స్టూడియోకు అంత మొత్తం పడుతుందని భయపెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఇతరుల ఫోటోలు మన దగ్గర ఉండడాన్ని చట్టం తేలికగా తీసుకోవడం లేదని గుర్తుంచుకుంటే చాలు.

ఫోటోలను బహిరంగ ఫోల్డర్ నుంచి బయటకు తీయండి

ఒకే సర్వర్‌ను పలువురు పంచుకునే షేర్డ్ హోస్టింగ్‌లో మీ వెబ్‌సైట్ అంతా పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. ఆ ఫోల్డర్‌లో ఉన్న ప్రతి ఫైలుకూ వెబ్ చిరునామా ఉన్నట్లే. కాబట్టి దాని లోపల కాకుండా, దానికి పక్కన, హోమ్ ఫోల్డర్‌లో ఇంకొక ఫోల్డర్ సృష్టించి, ప్రైవేటు ఫోటోలన్నిటినీ అందులోకి తరలించండి. అక్కడి ఫైళ్లకు వెబ్ చిరునామా ఉండదు, మీ ప్రోగ్రాం మాత్రమే వాటిని తెరవగలదు. ఈ మొత్తం ఏర్పాటులో అత్యంత విలువైన అడుగు ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే రేపు ప్రోగ్రాంలో ఏదైనా లోపం వచ్చి పని ఆగిపోయినా ఫోటో కనబడకుండా పోతుందే తప్ప అందరికీ కనబడే ప్రమాదం ఉండదు. తరలించడం ఏ కారణంగానైనా సాధ్యం కాకపోతే, ఆ ఫోల్డర్‌లోనే, ఎవరికీ ఇవ్వవద్దని చెప్పే రిక్వైర్ ఆల్ డినైడ్ అనే వరుసతో హెచ్‌టీయాక్సెస్ ఫైల్ ఉంచండి. అయితే అపాచీ వంటిదే అయిన ఎంజినెక్స్ సర్వర్ హెచ్‌టీయాక్సెస్ ఫైళ్లను అసలు చదవదు. కొన్ని హోస్టింగులలో ముందు ఎంజినెక్స్, వెనుక అపాచీ ఉండి, ఫోటోల వంటి ఫైళ్లను ముందున్న ఎంజినెక్సే ఇచ్చేస్తుంది కాబట్టి మీరు రాసిన నియమం అక్కడిదాకా చేరదు. ఫైల్ పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండక, పైన చెప్పిన ఫోన్ పరీక్షను మళ్లీ చేయండి.

తరలించేటప్పుడు అసలు ఫోటోతోపాటు దాని చిన్న ప్రతులను మరచిపోకండి. వర్డ్‌ప్రెస్ ఒక ఫోటో ఎక్కించగానే 150, 300, 768, 1024 పిక్సెళ్లంటూ పలు సైజులలో ప్రతులు తయారుచేస్తుంది. 2019లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి, 2560 పిక్సెళ్లకు మించిన ఫోటోను కుదించి ఆ కుదించిన ప్రతిని వాడుతూ, అసలు ఫైలును కూడా అదే ఫోల్డర్‌లో అలాగే ఉంచుతుంది. అసలు ఫోటోకు తాళం వేసి 1024 పిక్సెళ్ల ప్రతిని బయట వదిలేస్తే ఫోన్‌లో చూసేవారికి ఏ తేడా తెలియదు. అలాగే ఎప్పుడో బ్యాకప్ అని పేరు పెట్టి వదిలేసిన జిప్ ఫైళ్లు బహిరంగ ఫోల్డర్‌లో ఉన్నాయేమో వెతకండి. అటువంటి పేర్లను వరుసగా ప్రయత్నించి చూసే ప్రోగ్రాములు ఇంటర్నెట్‌లో రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి.

ప్రతి ఫోటోకూ తనిఖీ జరిగేలా ప్రోగ్రాం రాయండి

ఇప్పుడు ఫోటోలు లోపల ఉన్నాయి, వాటిని అర్హులకు అందించే ద్వారంగా ఒక ప్రోగ్రాం కావాలి. పేజీలో ఫోటో చిరునామాకు బదులు, ఫోటో గుర్తింపు సంఖ్యతో ఈ ప్రోగ్రాంను పిలిచే చిరునామా పెట్టండి. పీహెచ్‌పీలో రాసినా, పైథాన్‌లో రాసినా, అది చేయవలసిన పనుల క్రమం ఒకటే. అడిగిన వ్యక్తి లాగిన్ అయి ఉన్నాడా అని మొదట సెషన్‌లో, అంటే సర్వర్ గుర్తుంచుకున్న లాగిన్ వివరాలలో చూడాలి. తర్వాత అడిగిన ఫోటో ఏ ఆల్బమ్‌లో ఏ విభాగానికి చెందినదో డేటాబేస్ నుంచి తెలుసుకోవాలి. ఆ విభాగం చూసే అనుమతి ఈ వ్యక్తికి ఉందా అని సరిచూడాలి. ఉంటేనే ఫైలు పంపాలి, లేకపోతే 404, అంటే అటువంటిది లేదు అని సమాధానం ఇవ్వాలి. 403, అంటే అనుమతి లేదు అని చెప్పినా తప్పు లేదు గాని, ఆ సంఖ్యతో ఫోటో ఉన్న సంగతి దాని వల్ల బయటపడుతుంది కాబట్టి 404 మేలు.

ఈ క్రమంలో మూడవ తనిఖీని వదిలేయడం తేలిక. లాగిన్ ఉందా అని మాత్రమే చూసి ఊరుకుంటే, పుత్తూరులో పెళ్లి చేసుకున్న కుటుంబం తన లాగిన్‌తో లోపలికి వచ్చి, చిరునామాలో అంకె మార్చి, శ్రీకాళహస్తిలోని మరొక కుటుంబం ఫోటోలు చూడగలుగుతుంది. ఎవరో దొంగ రానక్కరలేదు, మీ సొంత ఖాతాదారు చేతిలోనే ఈ పని జరుగుతుంది. అంకెలకు బదులుగా యూయూఐడీలు, అంటే ఊహించడానికి వీలులేని పొడవైన గుర్తింపు కోడ్‌లు వాడండి. నాలుగవ వెర్షన్ యూయూఐడీలో 122 బిట్లు యాదృచ్ఛికంగా ఉంటాయి కాబట్టి ఒక్కొక్కటే ప్రయత్నించి కనిపెట్టడం జరిగే పని కాదు. అయినా అది తనిఖీకి అదనంగా ఉండాలే గాని, తనిఖీ స్థానంలో ఉండకూడదు. లింకు వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన క్షణం నుంచి ఆ రహస్యం రహస్యంగా ఉండదు.

ఫైల్ పేరును చిరునామా నుంచి తీసుకుని నేరుగా తెరిచే ప్రోగ్రాం ఎన్నడూ రాయకండి. రెండు చుక్కలు, ఒక ఏటవాలు గీత పదే పదే పెట్టి పై ఫోల్డర్లలోకి ఎక్కి, డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలును కూడా దానితోనే తెప్పించుకోవచ్చు. చిరునామా నుంచి గుర్తింపు సంఖ్య మాత్రమే రావాలి, దానికి తగిన ఫైల్ పేరు డేటాబేస్ చెప్పాలి.

పెళ్లి ఫోటోలు ఒక్కొక్కటి పది, పదిహేను మెగాబైట్లు ఉండడం మామూలే. అంత పెద్ద ఫైళ్లను పీహెచ్‌పీ తానే చదివి పంపుతుంటే, ఒకే ఇంట్లో నలుగురు ఒకేసారి ఆల్బమ్ తెరిచినప్పుడు సర్వర్ మందగించవచ్చు. అందుకే తనిఖీ మాత్రం ప్రోగ్రాం చేసి, ఫైలు పంపే పనిని సర్వర్‌కు అప్పగించాలి. ఎంజినెక్స్‌లో ఆ ఫోల్డర్‌కు ఇంటర్నల్ అనే నియమం పెట్టి, ప్రోగ్రాం నుంచి ఎక్స్-యాక్సెల్-రీడైరెక్ట్ అనే హెడర్, అంటే సమాధానంతోపాటు వెళ్లే సూచన, పంపితే ఈ పని జరుగుతుంది. బయటివారు ఆ దారిని నేరుగా అడిగితే ఎంజినెక్స్ 404 ఇస్తుంది. అపాచీలో ఎక్స్-సెండ్‌ఫైల్ మాడ్యూల్ ఇదే పని చేస్తుంది. సెలెక్షన్‌కు పూర్తి సైజు ఫోటో అవసరం లేదు కాబట్టి, 1600 పిక్సెళ్ల ప్రతులు మాత్రమే వెబ్‌సైట్‌లో ఉంచి అసలు ఫైళ్లను స్టూడియో హార్డ్ డిస్క్‌లోనే భద్రపరచడం ఇంకా మంచిది. లేని ఫైలు ఎవరి చేతికీ చిక్కదు.

ప్రోగ్రాం రాయలేని చిన్న స్టూడియోకు దారి

సీప్యానెల్‌లో డైరెక్టరీ ప్రైవసీ అనే సదుపాయం ఉంటుంది. ఒక్కొక్క పెళ్లికి ఒక ఫోల్డర్ పెట్టి, ఒక్కొక్కదానికి వేరు వేరు యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి. ఇది సర్వర్ స్థాయిలో పనిచేస్తుంది కాబట్టి పేజీతోపాటు ఫోటోలకూ వర్తిస్తుంది. చూడడానికి అందంగా ఉండదు, విభాగాల వారీగా అనుమతులు ఇవ్వాలంటే విడి ఫోల్డర్లు పెట్టుకోవాలి, అయినా నకిలీ భద్రత కంటే ఇది ఎన్నో రెట్లు నయం. వెబ్‌సైట్ సమాచారాన్ని సంకేతరూపంలో పంపే హెచ్‌టీటీపీఎస్ మీద నడుస్తేనే దీనిని వాడండి, లేకపోతే పాస్‌వర్డ్ దారిలో బయటపడుతుంది.

కుటుంబం లోపలికి వచ్చే పద్ధతి

పెళ్లి తేదీని పాస్‌వర్డ్‌గా పెట్టకండి. అది శుభలేఖ మీద అచ్చయి, పిలిచిన ప్రతి ఇంటికీ చేరింది. వధూవరుల పేర్లు కలిపి పెట్టినా అంతే, అవి మండపం ముందు ఫ్లెక్సీ మీద అందరూ చదివినవే. వధువు తండ్రి ఫోన్ నంబరు కూడా శుభలేఖలోనే ఉంటుంది. నాలుగంకెల పిన్‌కు 10,000 అవకాశాలే కాబట్టి, ఐదారు తప్పు ప్రయత్నాల తర్వాత కొంతసేపు తలుపు మూసే ఏర్పాటు లేకపోతే ప్రోగ్రాం ద్వారా దానిని త్వరగానే కనిపెట్టవచ్చు.

అన్నిటికంటే సులువైనదీ, నమ్మదగినదీ ఏమిటంటే, ఇరు కుటుంబాల నుంచి ఆల్బమ్ చూడవలసినవారి మొబైల్ నంబర్లు ముందే తీసుకుని, లింకు తెరిచినప్పుడు ఆ నంబరుకు ఓటీపీ పంపడం. పాస్‌వర్డ్ గుర్తుంచుకోలేని అమ్మమ్మ, తాతయ్యలకు కూడా ఇది కష్టం కాదు, పక్కనున్న మనవడు చదివి చెబుతాడు. లింకును మరెవరికైనా ఫార్వర్డ్ చేసినా, జాబితాలో లేని నంబరుకు ఓటీపీ వెళ్లదు. ఒకసారి లోపలికి వచ్చాక లాగిన్‌ను గుర్తుంచుకోవడానికి బ్రౌజర్‌లో ఉండే సెషన్ కుకీకి సెక్యూర్, హెచ్‌టీటీపీ ఓన్లీ అనే రక్షణ గుర్తులు తప్పక పెట్టండి.

వాట్సాప్‌లో లింకు పంపినప్పుడు దాని కింద చిన్న బొమ్మ కనిపిస్తుంది కదా, అది మీ పేజీ కోడ్‌లో ప్రివ్యూ బొమ్మను సూచించే ఓజీ ఇమేజ్ ట్యాగ్ నుంచి వస్తుంది. వధువు ఫోటోను ఆ ట్యాగ్‌లో పెడితే ఎంత పటిష్ఠమైన లాగిన్ ఉన్నా ఆ ఫోటో మాత్రం గ్రూపులోని వారందరికీ కనబడుతుంది. అక్కడ మీ స్టూడియో లోగో ఉంచండి.

క్యాషే, సీడీఎన్, క్లౌడ్ స్టోరేజ్

ఫైళ్ల ప్రతులను తన సర్వర్లలో దాచి (దీనినే క్యాషే అంటారు) త్వరగా అందించే క్లౌడ్‌ఫ్లేర్ వంటి సీడీఎన్ వాడుతున్నవారు ఇక్కడ ఆగి చూసుకోవాలి. చిరునామా చివర జేపీజీ అని ఉన్న ఫైలును అది మామూలుగా తన వద్ద దాచుకుంటుంది. అర్హుడైన వ్యక్తికి మీ సర్వర్ ఇచ్చిన ఫోటోను అలా దాచుకుని, అదే చిరునామాను అడిగిన తర్వాతి వ్యక్తికి మీ సర్వర్‌ను సంప్రదించకుండానే ఇచ్చేయవచ్చు. మీ తనిఖీ ప్రోగ్రాం ఎంత బాగున్నా ఆ రెండవ అభ్యర్థన దాని దాకా రాదు. అందువల్ల ప్రైవేటు ఫోటో పంపే ప్రతిసారీ క్యాషే-కంట్రోల్ హెడర్‌లో, దాచుకోవద్దని చెప్పే ప్రైవేట్, నో-స్టోర్ అనే మాటలు పంపండి. వర్డ్‌ప్రెస్‌లోని క్యాషే ప్లగిన్ల నుంచి కూడా ఆల్బమ్ పేజీలను మినహాయించాలి.

ఫోటోలను అమెజాన్ ఎస్3 వంటి క్లౌడ్ స్టోరేజ్‌లో ఉంచితే, బకెట్ అనే అక్కడి నిల్వ స్థలానికి బహిరంగ ప్రవేశం మూసి ఉందో లేదో చూడండి. 2023 ఏప్రిల్ నుంచి కొత్త బకెట్లకు అది మొదటి నుంచే మూసి ఉంటుంది గాని, అంతకు ముందు సృష్టించినవాటిని మీరే చూసుకోవాలి. తనిఖీ అయ్యాక డిజిటల్ సంతకంతో తయారై, గడువు దాటగానే పనిచేయడం మానేసే తాత్కాలిక లింకును ప్రోగ్రాం ఇవ్వవచ్చు. దాని గరిష్ఠ కాలం ఏడు రోజులు, కాని పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలలో లింకు ఎవరి చేతిలో ఉన్నా ఫోటో తెరుచుకుంటుందని మరచిపోకండి.

ఫోటో లోపల దాగిన వివరాలు

ఫోన్‌తో తీసిన ఫోటోలలో ఎక్సిఫ్ అనే సమాచారం ఉంటుంది: తీసిన సమయం, పరికరం మోడల్, లొకేషన్ ఆన్‌లో ఉంటే ఆ స్థలం అక్షాంశ రేఖాంశాలు. పెళ్లికూతురి ఇంట్లో నలుగు ఫోటో తీస్తే ఆ ఇంటి స్థానం అందులో ఉండవచ్చు. వెబ్‌సైట్‌లోకి ఎక్కించే ముందు ఈ సమాచారాన్ని తొలగించండి. ఫోటో నిలువా అడ్డమా అన్న వివరం కూడా అందులోనే ఉంటుంది కాబట్టి, ముందు ఫోటోను సరైన దిశలో తిప్పి సేవ్ చేసి ఆ తర్వాత తొలగించాలి, లేకపోతే నిలువు ఫోటోలు పక్కకు పడుకుని కనిపిస్తాయి.

ఆధారపడకూడని ఏర్పాట్లు

రైట్ క్లిక్ పనిచేయకుండా చేయడం కాలక్షేపమే, బ్రౌజర్‌కు చేరిన ఫోటో అప్పటికే చూసేవారి ఫోన్‌లో ఉంది. వేరే వెబ్‌సైట్ల నుంచి వచ్చిన అభ్యర్థనలను మాత్రమే ఆపే హాట్‌లింక్ రక్షణ, చిరునామాను నేరుగా తెరిచేవారిని ఆపకపోవచ్చు. ఏ పేజీలు చూడవద్దో సెర్చ్ ఇంజన్లకు చెప్పే రోబోట్స్ ఫైల్‌లో ప్రైవేటు ఫోల్డర్ పేరు రాయడం మరీ తప్పు: ఆ ఫైలును ఎవరైనా చదవవచ్చు, కాబట్టి దాచాలనుకున్నది ఎక్కడుందో మీరే చెప్పినట్లవుతుంది. స్క్రీన్‌షాట్ తీయడాన్ని ఏ వెబ్‌సైటూ నమ్మకంగా ఆపలేదు. ఈ విషయాన్ని కుటుంబాలకు దాపరికం లేకుండా చెప్పండి. చూసేవారి పేరు లేదా నంబరు చివరి అంకెలు ఫోటో మీద లేతగా కనిపించే వాటర్‌మార్క్ పెడితే, బయటకు వచ్చిన ప్రతి ఎవరి నుంచి వచ్చిందో తెలుస్తుంది, ఫార్వర్డ్ చేసే ముందు వారూ ఒకసారి ఆలోచిస్తారు.

ఇప్పటికే బయటపడి ఉంటే

మొదటి పరీక్షలో ఫోటోలు తెరుచుకున్నవారు గూగుల్‌లో మీ వెబ్‌సైట్ పేరుతో చిత్రాల విభాగంలో వెతకండి. ప్రైవేటు ఫోటోలు కనిపిస్తే ముందు వాటిని పైన చెప్పిన విధంగా లోపలికి తరలించి, తర్వాత వెబ్‌సైట్ యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లోని రిమూవల్స్ సదుపాయం ద్వారా తొలగింపు కోరండి. ఆ తొలగింపు సుమారు ఆరు నెలల వరకే ఉంటుంది, కాబట్టి ఆలోగా పాత చిరునామాలన్నీ 404 ఇస్తుండాలి. సీడీఎన్‌లో దాచినవాటిని కూడా పూర్తిగా తుడిచేయండి. వచ్చిన ప్రతి అభ్యర్థననూ నమోదు చేసే సర్వర్ లాగ్‌లలో ఆ ఫోటోలను ఎవరు ఎప్పుడు తెరిచారో చూసి, కుటుంబానికి మీరే ఫోన్ చేసి చెప్పండి. వేరొకరి నోటి నుంచి వారు ఆ మాట వినకూడదు.

పని ముగిశాక

ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి స్టూడియోకు కాస్త తీరిక దొరికే ఆ నెలలో ఈ మార్పులన్నీ చేసుకోవడం వీలుగా ఉంటుంది. శ్రావణంలో కొత్త ఆల్బమ్‌లు ఎక్కించే ముందు రెండు నకిలీ కుటుంబాల ఖాతాలు సృష్టించి, ఒకరి ఫోటో చిరునామాను మరొకరి లాగిన్‌తో తెరవడానికి ప్రయత్నించండి. వరుడి తరఫు లాగిన్‌తో అలంకరణ ఫోటోను, లాగిన్ లేకుండా చిన్న ప్రతిని, లాగౌట్ అయ్యాక వెనక్కి బటన్ నొక్కి పాత పేజీని తెరిచి చూడండి. అన్నీ 404 లేదా లాగిన్ పేజీ చూపించాలి. హోస్టింగ్ మారినప్పుడు, ప్లగిన్ అప్‌డేట్ చేసినప్పుడు, సీడీఎన్ కొత్తగా చేర్చినప్పుడు ఇదే పరీక్ష మళ్లీ చేయాలి.

ఆల్బమ్ అచ్చయి కుటుంబానికి అందాక వెబ్‌సైట్‌లో ఆ ఫోటోల అవసరం తీరిపోతుంది. ముప్పై రోజులో, అరవై రోజులో ఒక గడువు ఒప్పంద పత్రంలోనే రాసి, గడువుకు వారం ముందు కుటుంబానికి సందేశం పంపి, ఆ తర్వాత ఫోటోలను, చిన్న ప్రతులను, డేటాబేస్‌లోని వివరాలను, హోస్టింగ్ బ్యాకప్‌లలో ఉన్నవాటిని తొలగించండి.